కీళ్లవాతం: వాపు కబురు ఎక్కడ పుడుతుందో తెలుసుకుని రిపోర్టు చదవడం, మందు వాడడం ఎలా

మా ఊరు దేవరకొండ పక్కన. ఎనిమిదేళ్ల కింద ఒక రోజు పొద్దుగాల అమ్మ జొన్నపిండి తడిపి, ముద్ద చేసి, రొట్టె కొట్టడానికి అరచెయ్యి ఆనించగానే అబ్బా అని వెనక్కి తీసుకుంది. చూస్తే రెండు చేతులకూ వేళ్ల మొదట్లో కణుపులు ఒకే తీరుగా ఉబ్బి ఉన్నాయి, ఉంగరం దిగడం లేదు, పట్టుకుంటే వేడిగా ఉంది. పది గంటలకల్లా అదే చేత్తో పత్తి చేలో కలుపు తీసి వచ్చింది కాబట్టి ఇంట్లో అందరం పట్టేసింది, వదిలింది అనుకున్నాం. ఊళ్లో ఎవరిని అడిగినా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు, అంతే అన్నారు. మా పక్కనే మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాలు, వంగిపోయిన నడుములు చిన్నప్పటి నుంచి చూసినవాళ్లం, నమ్మేశాం. ఆ ఒక్క మాటతో ఏడాదిన్నర పోయింది. ఆ ఏడాదిన్నరలో అమ్మ కుడి మణికట్టులో ఎముక అంచు కరిగింది, అది మళ్లీ రాలేదు.

నేను డాక్టర్‌ని కాను. అమ్మను తిప్పుతూ, అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాగే కణుపులు ఉబ్బితే మొదట తెలుసుకోవాల్సింది నొప్పి తగ్గడం వేరు, లోపల వాపు ఆగడం వేరు అన్న సంగతి. ఇది అర్థం కావాలంటే కీలు లోపల ఏం జరుగుతుందో కొంచెం ఓపికగా చూడాలి.

ప్రతి కీలుకూ లోపలి వైపు ఒక పల్చటి పొర ఉంటుంది, సైనోవియం అంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని లోపలి వరస ఒకటి రెండు కణాల మందమే, కీలుకు జిగురు నీరు ఇవ్వడం దాని పని. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, అంటే మనం కీళ్లవాతం అనే జబ్బులో, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే దారి తప్పి ఈ పొరలో వచ్చి కూర్చుంటాయి. ఇవి ఒకదానికొకటి కబురు చెప్పుకునేది చిన్న చిన్న ప్రోటీన్లతో. వాటినే సైటోకైన్లు అంటారు. ఊళ్లో డప్పు చాటింపు వేస్తే ఒక వాడ నుంచి ఇంకో వాడకు మాట ఎలా పాకుతుందో ఇదీ అంతే. టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ చాటింపు మొదలుపెడితే దాన్ని విన్న కణాలు ఐఎల్-1, ఐఎల్-6 అనే ఇంకో రెండు కబుర్లు పంపుతాయి, రక్తనాళాలు వదులై మరిన్ని కణాలు లోపలికి వస్తాయి, వచ్చినవీ మళ్లీ టీఎన్ఎఫ్ వదులుతాయి. దెబ్బ తగిలినప్పుడో క్రిములు చేరినప్పుడో ఈ చాటింపు మనకు మేలు చేస్తుంది, పని కాగానే ఆగిపోతుంది. కీళ్లవాతంలో అది ఆగదు, అదే జబ్బు.

ఆగకపోతే ఏమవుతుందంటే ఆ పల్చటి పొర మందంగా పెరిగి, చెలకలో గరిక పాకినట్టు, కీలు చివర నున్నగా ఉండే మృదులాస్థి మీదికి పాకుతుంది. ఈ కబుర్లు విన్న కణాలు మృదులాస్థిని కోసే ఎంజైములు వదులుతాయి. రాంక్ లైగాండ్ అనే ఇంకో కబురు ఎముకను తినే కణాలను లేపుతుంది, ఎక్స్‌రేలో కీలు అంచు ఎలుక కొరికినట్టు కనబడేది అందుకే. నొప్పి గోలీ వేసుకుని హాయిగా నిద్రపోయిన రాత్రి కూడా ఈ తినడం నడుస్తూనే ఉంటుంది.

ఐఎల్-6 కీలులోనే ఉండిపోదు, రక్తంలో కలిసి కాలేయం దాకా పోతుంది. అక్కడ అది మూడు పనులు చేయిస్తుంది, మన రిపోర్టులన్నీ ఈ మూడింటి చుట్టే తిరుగుతాయి. ఒకటి, సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారు చేయిస్తుంది. రెండు, ఫైబ్రినోజెన్ పెంచుతుంది, దాంతో ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని గాజు గొట్టంలో తొందరగా కిందికి దిగుతాయి, ఈఎస్ఆర్ పెరిగిందని చెప్పేది దీన్నే. మూడు, హెప్సిడిన్ అనే దాన్ని పెంచి ఒంట్లో ఇనుమును తాళం వేసినట్టు కట్టేస్తుంది, అందుకే కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఎన్ని ఐరన్ గోలీలు వేసినా హిమోగ్లోబిన్ సరిగా పెరగదు. అమ్మకు తొమ్మిది దాటలేదు, మేము దానిమ్మలు, బెల్లం, పాలకూర అంటూ ఏడాది గడిపాం, వాపు అదుపులోకి వచ్చాక అదే పదకొండు దాటింది. ఒంట్లో ఐఎల్-6 తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది, పొద్దుగాల చేతులు కట్టెల్లా బిగుసుకుని, ఎండ ఎక్కేసరికి వదలడానికి అదొక కారణం. కాబట్టి పని తప్పించుకోవడానికి చెబుతోంది అని ఇంట్లో ఎవరూ అనకండి. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో అమ్మ తర్వాత ఎప్పుడో చెప్పింది.

ఇప్పుడు ఇంట్లో చేసుకునే పరీక్ష. పొద్దున లేవగానే టైం చూసి, పిడికిలి పూర్తిగా బిగిసేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో వారం రోజులు రాయండి. అరగంటలోపు వదిలితే చాలావరకు కీలు అరుగుదల, గంట దాటుతుంటే వాపు జబ్బు అని అనుమానించాలి. తర్వాత షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు వాళ్ల చెయ్యి పట్టుకుని నాలుగు వేళ్ల మొదటి కణుపులను పక్కల నుంచి మెల్లగా నొక్కండి, పాదాల వేళ్ల మొదళ్లను కూడా అలాగే. చురుక్కుమంటే ఒక్కో కణుపును మీ బొటనవేలితో విడిగా చూడండి, మీ గోరు తెల్లబడేంత వరకే నొక్కాలి, అంతకు మించి నొక్కితే ఎవరికైనా నొప్పే. వాపు జబ్బయితే కణుపు మెత్తగా, నానిన పిండిముద్ద మీద వేలు పెట్టినట్టు ఉంటుంది. అరుగుదలలో వేలి చివరి కణుపు దగ్గర గట్టి బుడిపె తగులుతుంది, అది ఎముక. రెండు వైపులా చిన్న కీళ్లు ఇలా ఆరు వారాలు ఉబ్బి ఉంటే ఇంక ఎవరి మాటా వినకుండా రుమటాలజిస్ట్, అంటే ఈ వాపు జబ్బులు చూసే డాక్టర్ దగ్గరికి పోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో జనరల్ మెడిసిన్ డాక్టర్‌కు చూపించి రాయించుకుని పోవచ్చు, హైదరాబాద్ నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది.

మన వైపు ఇంకో చిక్కు ఉంది, కీళ్ల నొప్పులు అంటే అన్నీ ఒకటే అనుకుంటాం. ఫ్లోరోసిస్‌లో ఎముక తినేయబడదు, మందమవుతుంది, కండరాన్ని ఎముకకు కట్టే పట్టీల్లో సున్నం చేరుతుంది, మెడ తిరగదు, నడుము వంగదు, చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినవాళ్ల పళ్ల మీద పసుపు గోధుమ చారలు ఉంటాయి. వేళ్ల కణుపులు మెత్తగా వేడిగా ఉబ్బడం, సీఆర్‌పీ పెరగడం దాని లక్షణం కాదు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనబడితే ఫ్లోరోసిస్ అని తేలుతుంది. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, కాబట్టి ఫ్లోరైడ్ ఉంది కదా అని రెండోదాన్ని వెతకడం ఆపొద్దు. చికున్‌గున్యా ఇంకో రకం మోసం చేస్తుంది, 2006లో ఊళ్లకు ఊళ్లు మంచాన పడ్డప్పుడు చూశాం కదా, జ్వరం పోయినా కణుపులు అచ్చం కీళ్లవాతంలాగే నెలల తరబడి ఉబ్బుతాయి, దాంట్లోనూ ఐఎల్-6 పాత్ర ఉంది. చాలామందికి అదే మెల్లగా తగ్గుతుంది. అందుకే మొదట జ్వరం వచ్చిందా, ఎప్పుడు వచ్చింది, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అన్నది డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మోకాలి అరుగుదలలో కూడా ఇవే కబుర్లు తక్కువ స్థాయిలో నడుస్తాయి గానీ, వాటిని ఆపే ఖరీదైన సూదులు అరుగుదలకు పనిచేయలేదని పరీక్షల్లో తేలింది. అక్కడ బరువు తగ్గడం, తొడ కండరాలు గట్టిపరచుకోవడం పనికొస్తాయి.

రక్తపరీక్షల్లో నాలుగు ముఖ్యం. సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రెండూ లోపల వాపు ఎంత ఉందో చెబుతాయి, ఆర్ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్), యాంటీ సీసీపీ అనే రెండు యాంటీబాడీ పరీక్షలు అది ఏ వాపు జబ్బో చెబుతాయి. ఆర్ఎఫ్ వేరే జబ్బుల్లోనూ, ముసలితనంలో ఊరికే కూడా పాజిటివ్ రావచ్చు, నెగెటివ్ వచ్చినంత మాత్రాన కీళ్లవాతం లేనట్టూ కాదు. యాంటీ సీసీపీ పాజిటివ్ అయితే నమ్మకం చాలా ఎక్కువ. ఈఎస్ఆర్ వయసుతో, రక్తం తక్కువైతే కూడా పెరుగుతుంది, మోటుగా చెప్పాలంటే మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు పది కలిపి దాంట్లో సగం దాకా మామూలే. సీఆర్‌పీ మందు పనిచేస్తే రోజుల్లో దిగుతుంది, ఈఎస్ఆర్ వారాలు తీసుకుంటుంది, రెండూ ఒకేసారి తగ్గలేదని టెన్షన్ పడొద్దు. గొంతు నొప్పి, మూత్రంలో మంట ఉన్నప్పుడు చేయిస్తే సీఆర్‌పీ దానివల్ల కూడా పెరుగుతుంది, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

సీఆర్‌పీ పక్కన రాసిన కొలత చూడకుండా అంకె ఎప్పుడూ చదవొద్దు. అమ్మ మొదటి రిపోర్టులో 4.8 అని ఉంది, నెల మందు వాడాక ఇంకో ల్యాబులో చేయిస్తే 36 అని వచ్చింది. ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి అన్నం దిగలేదు, మందు ఎదురు తిరిగిందనుకున్నాం. మరునాడు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి దాంట్లో డెసిలీటరుకు మిల్లీగ్రాములు, రెండో దాంట్లో లీటరుకు మిల్లీగ్రాములు. డెసిలీటరు అంకెను పదితో గుణిస్తే లీటరు అంకె వస్తుంది, అంటే 48 నుంచి 36కు తగ్గింది. వీలైతే ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ఐఎల్-6, టీఎన్ఎఫ్ నేరుగా కొలుస్తామని ప్యాకేజీలు అమ్ముతుంటారు, కీళ్లవాతం వైద్యానికి మామూలుగా వాటి అవసరం లేదు, సీఆర్‌పీయే ఐఎల్-6కు అద్దం లాంటిది, ఆ డబ్బు బస్ కిరాయికి దాచుకోండి.

ఇక మందులు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు ప్రోస్టాగ్లాండిన్ అనే చివరి మెట్టు పదార్థాన్ని ఆపుతాయి, నొప్పి తగ్గుతుంది, పైన టీఎన్ఎఫ్, ఐఎల్-6 చాటింపు వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి. ఏళ్ల తరబడి వాడితే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ అయితే కబుర్లన్నింటినీ ఒకేసారి మూయిస్తుంది, ఒక్క రోజులో మనిషి లేచి నడుస్తాడు, ఊళ్లో ఆర్ఎంపీ సూదికి అంత పేరు రావడం అందుకే. మాకు కూడా ఒకరు ఆరు నెలలు అలాగే నడిపించారు, అమ్మ మొహం గుండ్రంగా ఉబ్బి, షుగర్ పెరిగాక గానీ మేము అడగలేదు. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే కీళ్ల పొడుల్లో కూడా కొన్నిసార్లు స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, అసలు మందు పని మొదలయ్యేదాకా వంతెనలా కొన్నాళ్లు తక్కువ డోసులో డాక్టరే ఇస్తారు, ఎముకలు గుల్లబారకుండా కాల్షియం, విటమిన్ డి కూడా రాస్తారు. వారాల తరబడి వాడినవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే మందగించి ఉంటుంది, మెల్లమెల్లగా తగ్గించాలి.

అసలు మందు చాలామందికి మెథోట్రెక్సేట్. ఇది కణాల చుట్టూ అడినోసిన్ అనే శాంతపరిచే పదార్థాన్ని పెంచి చాటింపును తగ్గిస్తుంది, ఫలితం కనబడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నెలకే పనిచేయలేదని మానేసినవాళ్లను ఎంతమందినో చూశాను. ఇది వారానికి ఒక్క రోజే వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మా వీధిలో ఒక పెద్దమ్మకు మందుల షాపులో గోలీల కాగితం మీద రాత్రి ఒకటి అని రాసిచ్చారు. ఆమె నాలుగు రాత్రులు వేసుకుంది. ఐదో రోజు నోరంతా పుండ్లు, అంబలి కూడా మింగలేకపోయింది, ఆస్పత్రికి తీసుకుపోతే తెల్లకణాలు పడిపోయాయన్నారు, పది రోజులు ఉంచుకున్నారు. ఇలా జరిగిందని తెలిస్తే పుండ్లు వచ్చేదాకా ఆగకుండా ఆ గోలీల కాగితం పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పోవాలి. మేము ఇంట్లో ఆదివారం పెట్టుకున్నాం, క్యాలెండర్‌లో ఆదివారాలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, గోలీ వేసుకోగానే అందులో గీత పెడతాం, మెథోట్రెక్సేట్ డబ్బా వేరే అరలో ఉంటుంది, చదువు రాని అమ్మకు కూడా తేడా తెలిసేలా దానికి ఎర్ర దారం కట్టాం. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన వేరే రోజున వేసుకోవాలి, నోటి పుండ్లు, వికారం తగ్గేది దానితోనే.

మొదలుపెట్టే ముందు కాలేయం, కిడ్నీ, రక్తకణాలు, హెపటైటిస్ బి, సి చూస్తారు, మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి. కల్లు, సారా లాంటివి పక్కన పెట్టాల్సిందే. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లు ముందే చెప్పాలి, ఇది గర్భంలో ఉన్న బిడ్డకు హాని చేస్తుంది, ఎన్ని నెలల ముందు ఆపాలో డాక్టరే చెబుతారు. మూత్రం మంటకో, విరేచనాలకో ఎవరైనా కోట్రైమాక్సజోల్ రాస్తే నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పి వద్దనండి, రెండూ కలిస్తే రక్తకణాలు పడిపోతాయి.

కొందరికి ఇవి చాలవు. అప్పుడు నేరుగా చాటింపు వేసేవాడినే పట్టుకునే మందులు ఉన్నాయి, వాటి వెనక ఒక మంచి కథ ఉంది. లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, ఆయనతో పాటు మార్క్ ఫెల్డ్‌మన్, ఈ ఇద్దరు డాక్టర్లు లండన్‌లో రోగుల కీలు పొర కణాలను గాజు పాత్రలో పెంచి, అందులో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ వేసి చూశారు. ఐఎల్-1 కూడా దానంతట అదే తగ్గింది. 1989లో ఇది అచ్చయింది. ఇన్ని కబుర్లలో ఒక్కదాన్ని ఆపితే ఏం లాభం అన్న అనుమానానికి అది జవాబు, పై మాట ఆగితే కింది మాటలు ఆగుతాయి. 1992లో మొదటిసారి రోగులకు ఇచ్చి చూశారు, మెట్లెక్కలేనివాళ్లు ఎక్కారు. ఇప్పుడు టీఎన్ఎఫ్‌కు ఎటానర్సెప్ట్, అడాలిముమాబ్, ఐఎల్-6కు టోసిలిజుమాబ్ సూదులున్నాయి, కబురు విన్న కణం లోపల మాట పాకకుండా ఆపే టోఫాసిటినిబ్ గోలీ ఉంది. అడాలిముమాబ్‌కు ఇంకో కంపెనీ చేసిన సాటి మందు మన దేశంలో 2014లోనే వచ్చింది, అందుకే ధరలు మునుపటి అంత లేవు, అయినా మామూలు రైతు ఇంటికి భారమే.

ఈ సూదులకు ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. మనలో చాలామందికి తెలియకుండానే ఎప్పుడో ఒంట్లో చేరిన టీబీ క్రిములు నిద్రపోతుంటాయి, వాటి చుట్టూ కణాలు గోడ కట్టి బంధించి ఉంచేది టీఎన్ఎఫ్ బలంతోనే. ఆ టీఎన్ఎఫ్‌ను మనమే ఆపితే గోడ కూలి టీబీ బయటికి వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద చేసే మాంటూ పరీక్ష లేదా రక్తంతో చేసే ఇగ్రా చేయించాలి. ఇంట్లో ఎవరికైనా పూర్వం టీబీ ఉంటే సిగ్గుపడి దాచొద్దు, దాచినందుకు ప్రాణాలు పోతాయి. ఐఎల్-6 సూది మీద ఉన్నవాళ్లకు ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ పెరగదు, జ్వరం కూడా తక్కువగా కనబడొచ్చు, కాబట్టి రిపోర్టు నార్మల్ అని ఊరుకోకుండా దగ్గు, చలి, నీరసం వస్తే డాక్టర్‌కు చూపించాలి. టోఫాసిటినిబ్‌లో సర్పి పొక్కులు రావచ్చు, 65 దాటినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు రెండుసార్లు ఆలోచించాలి. పొగ అంటే బీడీ, చుట్ట అన్నీ. పొగ ఈ జబ్బు వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది, వచ్చాక మెథోట్రెక్సేట్ పనినీ తగ్గిస్తుంది.

తిండి సంగతి అందరూ అడుగుతారు. వంకాయ, ఆలుగడ్డ, చింతపండు మానేస్తే తగ్గుతుందనేదానికి రుజువు లేదు, ఉన్న రుచులు కూడా తీసేసి మనిషిని ఇంకా నీరసపరచొద్దు. పసుపు మంచిదే, కూరలో వేసుకోండి, మందుకు బదులు మాత్రం కాదు. ఒంట్లో కొవ్వు కూడా టీఎన్ఎఫ్, ఐఎల్-6 వదులుతుంది కాబట్టి బరువు తగ్గితే మేలు. పొద్దున గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులు పెట్టి వేళ్లు ఆడిస్తే పట్టు తొందరగా వదులుతుంది.

ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, పొద్దున ఎన్ని నిమిషాలు పట్టేసింది, ఎన్ని కణుపులు ఉబ్బాయి, సీఆర్‌పీ కొలతతో సహా, వేసుకున్న మందు. డాక్టర్ ఐదు నిమిషాలే చూస్తారు, ఆ ఐదు నిమిషాల్లో బాగానే ఉంది సార్ అనే మాట కన్నా ఈ పేజీ ఎక్కువ చెబుతుంది.

బాగుందని మాత్రం సొంతంగా ఆపొద్దు. మూడేళ్ల కింద బతుకమ్మకు అమ్మ గంపెడు తంగేడు పూలు తనే తెంపి పేర్చింది, పొద్దున్నే ఇన్ని రొట్టెలు కొట్టింది, నోటుబుక్‌లో అన్ని చోట్లా సున్నాలే. ఇంక గోలీలు ఎందుకులే అని మాకు చెప్పకుండా మానేసింది. క్యాలెండర్‌లో నాలుగు ఆదివారాలు గీత లేకుండా ఉన్నాయి, నేను చూసేసరికి ఎడమ చేతి రెండు కణుపులు మళ్లీ మెత్తబడి ఉన్నాయి. డాక్టర్ అదే డోసు మళ్లీ మొదలుపెట్టారు, అమ్మ చెయ్యి పీట మీద మళ్లీ ఆనేసరికి సంక్రాంతి దాటింది.